థియోడోర్ లేబర్

థియోడోర్ లేబర్ (1840 ఫిబ్రవరి 29 - 1917 ఏప్రిల్ 17) జర్మనీకి చెందిన ప్రముఖ నేత్రవైద్య శాస్త్రజ్ఞుడు. వంశపారంపర్యంగా చూపును హరించే రెండు వ్యాధులను వివరించిన ఘనత ఇతనిది. ఆ రెండూ నేటికీ ఇతని పేరుతోనే వ్యవహరింపబడుతున్నాయి.

బాల్యం, విద్య

లేబర్ కార్ల్స్‌రూహే నగరంలో జన్మించాడు. మొదట రసాయన శాస్త్రం అభ్యసించదలచాడు. అయితే ఆ రంగంలో ఇప్పటికే చాలామంది ఉన్నారని రాబర్ట్ బున్సెన్ హెచ్చరించడంతో వైద్యవిద్యలో చేరాడు. హైడెల్‌బర్గ్‌లో హెల్మ్‌హోల్ట్జ్ శిష్యుడై 1862లో డాక్టరు పట్టా పొందాడు. అనంతరం బెర్లిన్‌లో ఆల్‌బ్రెహ్ట్ ఫాన్ గ్రేఫే వద్ద సహాయకుడిగా పనిచేశాడు. 1871 నుండి గోటింగెన్‌లోను, 1890 నుండి 1910 వరకు హైడెల్‌బర్గ్‌లోను ఆచార్య పదవి నిర్వహించాడు.

పరిశోధనలు

పుట్టుకతోనే లేదా శైశవంలోనే చూపు లోపించే వ్యాధిని 1869లో వర్ణించాడు. యౌవనంలో, ముఖ్యంగా పురుషులలో, నొప్పి లేకుండా కొద్ది వారాలు లేక నెలలలో రెండు కళ్ళ చూపు మందగించే దృష్టినాడీ వ్యాధిని 1871లో ప్రకటించాడు. సూక్ష్మదర్శిని తప్ప జన్యుశాస్త్ర పరికరాలేవీ లేని కాలంలో, కుటుంబాల చరిత్రలను ఓర్పుతో పరిశీలించి ఈ నిర్ణయాలకు వచ్చాడు.

వ్యాధి మూలం

దృష్టినాడీ వ్యాధికి అణుస్థాయి కారణం లేబర్ మరణించిన 71 సంవత్సరాలకు గాని తెలియలేదు. 1988లో డగ్లస్ వాలేస్ బృందం మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.లో 11778వ స్థానంలోని ఉత్పరివర్తనాన్ని గుర్తించింది. 3460, 14484 స్థానాలలోని మార్పులతో కలిపి, అత్యధిక రోగులలో ఈ మూడింటిలో ఒకటి కనిపిస్తుంది. వీటివల్ల కణశ్వాసక్రియలోని మొదటి ఎంజైము సముదాయం దెబ్బతిని, ఏటీపీ ఉత్పత్తి తగ్గుతుంది. అధిక శక్తి అవసరమైన రెటీనా నాడీకణాలు క్షీణిస్తాయి. ఈ ఏటీపీని 1929లో కండరాలనుండి వేరుచేసిన వారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు.

మైటోకాండ్రియా తల్లినుండే సంక్రమిస్తుంది కనుక తండ్రి ద్వారా ఈ వ్యాధి రాదు. ఉత్పరివర్తనం పొందిన వారందరూ చూపు కోల్పోరు.

తెలుగునాట ప్రాధాన్యం

1869 నాటి వ్యాధి సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుండి లోపభూయిష్ట జన్యువు లభించినపుడే బయటపడుతుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలతో సహా దక్షిణ భారతమంతటా మేనరికపు వివాహాలు తరతరాల ఆచారం. దగ్గరి బంధువులలో ఒకే జన్యువు ఇరుపక్షాలా ఉండే అవకాశం హెచ్చు. కనుక కుటుంబంలో ఇటువంటి అంధత్వం ఉన్నవారు వివాహానికి ముందే జన్యు సలహా పొందడం శ్రేయస్కరం. ఈ వ్యాధికి కారణమైన జన్యువులలో ఒకటైన ఆర్‌పీఈ65 లోపానికి 2017లో అమెరికా జన్యుచికిత్సను ఆమోదించింది.