హెడ్‌ఫోన్స్ ఆర్డర్ పెట్టే ముందు బోస్ కథ వినండి

పాతిక వేలు దాటే వైర్‌లెస్ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ మీ కార్ట్‌లో ఉన్నాయా? ఉద్యోగం ఇంకా రాలేదు, ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచే. అలాగైతే అమర్ గోపాల్ బోస్ గురించి కాస్త తెలుసుకోండి. ఆ పేరుతోనే ఓ కంపెనీ ఉందిగా, ఆయనే.

తండ్రి కలకత్తాలో స్వాతంత్ర్య ఉద్యమకారుడు. బ్రిటిష్ వాళ్లకు చిక్కకుండా 1920లో అమెరికా వెళ్లిపోయారు. అమర్ 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి తండ్రి దిగుమతి వ్యాపారం దెబ్బతింటే, స్కూలు వయసులోనే రేడియోలు బాగుచేసి ఇంటిని ఆదుకున్నారు.

1956లో ఎంఐటీలో పీహెచ్‌డీ పూర్తయింది. ఆ సంతోషంలో ఖరీదైన స్టీరియో ఒకటి కొనుక్కున్నారు. ఇంజినీరు కదా, స్పెసిఫికేషన్లు చూసే ఎంచుకున్నారు. తీరా ఇంట్లో పెట్టి వింటే, చిన్నప్పుడు వయొలిన్ నేర్చిన ఆ చెవులకు అస్సలు నచ్చలేదు. అంకెలన్నీ బాగున్నా పాట ఎందుకు బాగాలేదు? దాని వెంటపడి 1964లో సొంత కంపెనీ పెట్టారు. మొదటి స్పీకర్ అమ్ముడుపోలేదు. 1968లో వచ్చిన 901 నిలబెట్టింది. ఇన్ని పనుల్లోనూ ఎంఐటీలో పాఠాలు మానలేదు, 2001 దాకా చెప్పారు.

1978లో జ్యూరిక్ నుంచి విమానంలో వస్తూ, వాళ్లిచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. ఇంజిన్ హోరులో పాట వినపడితేగా! కాగితం తీసి అక్కడే లెక్కలు మొదలుపెట్టారు. పైలట్ల హెడ్‌సెట్‌గా అది మార్కెట్‌కు వచ్చేసరికి 1989. మనలాంటి వాళ్లు కొనేది 2000లో వచ్చింది. బోస్ 2013లో కన్నుమూశారు.

కిటుకేంటంటే, మైక్ బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, సర్క్యూట్ దానికి సరిగ్గా తలకిందుల తరంగాన్ని పుట్టిస్తుంది. రెండూ కలిస్తే హోరు అణిగిపోతుంది. ఆయన పోరాటం ఇంజిన్ హోరుతో అని గుర్తుపెట్టుకోండి. ఆగకుండా ఒకేలా వచ్చే బొంగురు శబ్దాల మీద ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది: ఏసీ, బస్సు ఇంజిన్, రైలు. హఠాత్తుగా వచ్చే హారన్, కుక్కర్ విజిల్, పక్క మంచం మీద ఫ్రెండ్ ఫోన్ కబుర్లు పూర్తిగా పోవు. వాటిని ఆపేది ఎక్కువగా చెవిని మూసే కుషనే. ఆ పని మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కూడా చాలావరకు చేస్తాయి.

కాబట్టి మీ గదిలో చెవులు రిక్కించి ఒక్క సాయంత్రం వినండి. హోరు ఎక్కువా, మాటలు ఎక్కువా? రోజూ గంటల తరబడి బస్సు ప్రయాణమైతే ఆ డబ్బుకు అర్థం ఉంది. హాస్టల్ కబుర్లే మీ బాధైతే లైబ్రరీ మేలు. బ్యాటరీ ఏటికేడు బలహీనపడుతుందన్నదీ లెక్కలో వేసుకోండి.

ఇంకోటి, ఆన్‌లైన్ ఇంటర్వ్యూల కోసమే కొంటున్నారా? ఈ క్యాన్సిలింగ్ మీ చెవికే. అవతలి వాళ్లకు మీ గొంతు ఎలా వినిపిస్తుందన్నది మైక్‌ని బట్టి ఉంటుంది. ఫ్రెండ్‌కి కాల్ చేసి ముందు అది పరీక్షించండి.