న్యాయమూర్తి కోకా సుబ్బారావు

మహారాష్ట్రమునందలి భీవండి పట్టణమున మన కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతములనుండి వలసపోయిన పద్మశాలీలు తరతరములుగా సాంచాలు నడుపుచు జీవనము సాగించుచున్నారు. 1970 మే 7వ తేదీన శివజయంతి యూరేగింపు సందర్భమున ఆ పట్టణమున చెలరేగిన మతకల్లోలము అనేకుల ప్రాణములను బలిగొనెను. దానిపై విచారణ జరుపుటకు బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి మాదన్‌గారు నియమితులై, సాక్షులను విని, పోలీసుల పక్షపాతమును నిర్మొగమాటముగా బయటపెట్టుచు విపులమైన నివేదిక సమర్పించిరి. అయిననేమి? 1952 నాటి విచారణసంఘముల చట్టము ప్రకారము అట్టి సంఘము చెప్పునది అభిప్రాయము మాత్రమే. దానిని పాటించుటయు, బీరువాలో భద్రపరచుటయు ప్రభుత్వముయొక్క చిత్తము. మహారాష్ట్రము 1971లోను, ఆంధ్రప్రదేశము 1983లోను చట్టము చేసి నెలకొల్పుకొన్న లోకాయుక్తల చేతిలోనున్నదియు ముఖ్యముగా సిఫారసే. శాసనసభలో మంత్రులు సమాధానము చెప్పవలసినదే గాని, అచ్చట సంఖ్యాబలము సాధారణముగా వారిదే. ప్రభుత్వము విధిగా తలయొగ్గవలసిన మాటను చెప్పగలది న్యాయస్థానము. ఆ మాటను తన స్వరాష్ట్ర ప్రభుత్వమునకే చెప్పిన యొక తెలుగువాని జీవితమును పాఠకులకు జ్ఞప్తి చేయదలచితిమి.

కోకా సుబ్బారావుగారు 1902 జులై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి ప్రభుత్వ కళాశాలలోను, పిదప మద్రాసు న్యాయకళాశాలలోను చదివిరి. కొలదికాలము బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసి, ఆ యుద్యోగము విడిచి మద్రాసులో న్యాయవాదవృత్తికి మరలిరి. మామగారగు వెంకటరమణరావు నాయుడుగారు, బావమరదియగు రాజమన్నారుగారు ఇరువురును న్యాయశాస్త్రమున దిట్టలు. అట్టి యింట తర్కమునకు లోటుండదు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తియైరి. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట 1954 జులైలో గుంటూరున ప్రారంభమైన హైకోర్టునకు వారే ప్రథమ ప్రధాన న్యాయమూర్తి. 1956లో ఆంధ్రప్రదేశ మవతరించినపుడు ఆ పీఠము హైదరాబాదునకు తరలినది. 1958 జనవరి యాఖరున సుప్రీంకోర్టునకు పిలుపు వచ్చినది.

ఆ యేడు గడువకముందే వారి యెదుటకు వచ్చిన వ్యాజ్యము ఢిల్లీది గాదు, కృష్ణాజిల్లాది. ఆ జిల్లాలోని బస్సురూట్లను రోడ్డురవాణా సంస్థకు అప్పగించుటకు ప్రభుత్వ మొక పథకము ప్రకటించినది. చట్టము ప్రకారము, ప్రయివేటు బస్సుల యజమానుల ఆక్షేపణలను విన్నతరువాతనే ప్రభుత్వము నిర్ణయము చేయవలెను. వినుట జరిగినది. కాని విన్నవారు హోంశాఖ కార్యదర్శి. కాగితములు చూచి పథకమును ఆమోదించినవారు రవాణాశాఖను నిర్వహించుచున్న ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు. గుల్లపల్లి నాగేశ్వరరావు ప్రభృతులు సుప్రీంకోర్టు కెక్కిరి.

1958 నవంబరులో వెలువడిన తీర్పున అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురి పక్షమున వ్రాసినవారు సుబ్బారావుగారు. ఒకరు విని వేరొకరు తీర్పుచెప్పిన యెడల ఆ వినికిడి వట్టి తంతు మాత్రమేయని వారు నిర్ణయించిరి. పైగా రవాణాసంస్థ ప్రభుత్వ శాఖకు సంబంధించినదై, ఆ శాఖ కార్యదర్శియే వివాదమును విచారించుట తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి యగుటయేయని త్రోసిపుచ్చిరి. తొమ్మిదిమాసముల క్రిందటి వరకు తాము ఏ రాష్ట్రపు హైకోర్టునకు పెద్దగానుండిరో ఆ రాష్ట్ర ప్రభుత్వమే ప్రతివాది. మొగమాటము మచ్చుకైన లేదు.

కథ అంతటితో ముగియలేదు. ఈసారి ముఖ్యమంత్రి స్వయముగా కూర్చుండి ఆక్షేపణలు వినిరి. జాతీయకరణకు అనుకూలముగా ముందే ప్రసంగించినవారు నిష్పక్షపాతముగా నెట్లు వినగలరని యజమానులు మరల కోర్టుకు పోయిరి. ఒక విధానమును సమర్థించుచు మాటలాడినంత మాత్రమున మంత్రి చెవులు మూసికొన్నట్లు కాదని 1959లో ఆ వాదమును తిరస్కరించిన దియు సుబ్బారావుగారి ధర్మాసనమే. బస్సులు పోనేపోయినవి. మరి యజమానులకు దక్కిన దేమని యడుగువా రుండవచ్చును. నిర్ణయించువాని ముఖము చూచి తమ మాట చెప్పుకొను హక్కు దక్కినది. లైసెన్సు పోగొట్టుకొన్న దుకాణదారునికి, ఉద్యోగము పోగొట్టుకొన్న గుమాస్తాకు నేటికిని న్యాయవాదులు చూపించు తీర్పులలో నిది యొకటి. గోలక్‌నాథ్ తీర్పుకంటె దీనినే మేము మిన్నగా నెంతుము.

1962లో వచ్చిన ఖరక్‌సింగు వ్యాజ్యము మరియొకటి. దోపిడీ నేరమునకు సాక్ష్యము చాలక విడుదలైన ఆ మనుష్యుని యింటికి ఉత్తరప్రదేశపు పోలీసులు అర్ధరాత్రులు వచ్చి తలుపు తట్టుచుండిరి. రాత్రి తనిఖీలు మాత్రమే చెల్లవని అధికసంఖ్యాకులు చెప్పిరి. మనిషి వెంట నీడవలె పోలీసు తిరుగుచుండగా అతని స్వేచ్ఛకు అర్థమే లేదనియు, ఏకాంతపు హక్కు స్వేచ్ఛలో నంతర్భాగమనియు, నిఘా నిబంధన మొత్తము కొట్టివేయదగినదనియు సుబ్బారావుగారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. షా గారు వారితో నేకీభవించిరి. ఆ మాట గెలుచుటకు 55 ఏండ్లు పట్టెను. 2017 ఆగష్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా దానినే సరియైనదిగా స్వీకరించిరి.

1966 జూన్ 30న సుబ్బారావుగారు భారత ప్రధాన న్యాయమూర్తియైరి. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వెలువడెను. రాజ్యాంగమును సవరించియైనను పార్లమెంటు ప్రాథమిక హక్కులను హరింపజాలదని ఆరుగురు, హరింపవచ్చునని యైదుగురు. వివాదమునకు మూలము పంజాబునందలి ఒక కుటుంబపు భూములు; ఆస్తిహక్కును కంచుకోటగ జేసినచో కౌలుదారున కెన్నటికి భూమి దక్కునని విమర్శకులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. జరిగిపోయిన భూసంస్కరణలను తిరుగదోడక, తీర్పు ఇకముందుకే వర్తించునని చెప్పుట సుబ్బారావుగారి లోకజ్ఞత. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథును త్రోసిపుచ్చినను, రాజ్యాంగ మౌలికస్వరూపమును మాత్రము పార్లమెంటు చేతికి చిక్కనీయలేదు.

1967 ఏప్రిల్ 10న, పాస్‌పోర్టును తన యిష్టము వచ్చినట్లు నిరాకరించు నధికారము ప్రభుత్వమునకు లేదని అయిదుగురిలో ముగ్గురి పక్షమున వారు తీర్పు చెప్పిరి. పార్లమెంటు ఆ యేడే పాస్‌పోర్టుల చట్టము చేయవలసి వచ్చెను. మరునాడే వారు పదవికి రాజీనామా యిచ్చిరి; ప్రతిపక్షముల యభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేయుట కది. విరమణకు ఇంకను మూడు మాసముల గడువుండెను.

ఈ యొక్క విషయమున మేము వారిని సమర్థింపజాలము. గోలక్‌నాథ్ తీర్పుపై సిరా యారి ఆరువారములే. ప్రధాన న్యాయమూర్తి పీఠమునుండి నేరుగా ఎన్నికల గోదాలోనికి దిగుటతో, ఆ తీర్పును గిట్టనివారికి మాటలాడ సందు దొరికినది. న్యాయమూర్తి నిష్పక్షపాతియై యుండుట చాలదు, అట్లు కనబడవలెనని ఇతరులకు బోధించినవారే వారు. 1967 మే 6న జరిగిన యెన్నికలో డాక్టరు జాకీర్ హుస్సేనుగారికి 4,71,244 ఓట్లును, సుబ్బారావుగారికి 3,63,971 ఓట్లును లభించెను. ఓటమి ఘోరమైనది కాదు. ఆ తరువాత వారు పదవుల వెంట పోలేదు.

1975 జూన్‌లో అత్యవసరపరిస్థితి విధింపబడెను. విచారణ లేక నిర్బంధింపబడినవారు తమ నిర్బంధమును న్యాయస్థానమున ప్రశ్నింప వీలులేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నలుగు రొక వైపు. ఖన్నాగా రొక్కరే మరియొక వైపు. ఎనిమిది దినములు గడచిన పిమ్మట, మే 6వ తేదీన, సుబ్బారావుగారు 73 ఏండ్ల వయస్సున కన్నుమూసిరి.