పదమూడు ఎకరాలు, ఒక బడి, పొణకా కనకమ్మ గారు

నెల్లూరోళ్ళకి మైపాడు అంటే బీచ్. సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన సాయంత్రం బైకులేసుకుని పోయే చోటు. ఆ రోడ్డు ఇందుకూరుపేట మీదుగా పోతుంది. అదే మండలంలో, పెన్న ఒడ్డున పల్లెపాడు అనే ఊరుంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ అక్కడికొచ్చి ఒక ఆశ్రమాన్ని ప్రారంభించారు. పేరు పినాకినీ సత్యాగ్రహాశ్రమం. పినాకిని అంటే మన పెన్నే. దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల కృష్ణయ్య గారు దాన్ని నిలబెట్టినవాళ్ళు. కట్టడానికి డబ్బు దక్షిణాఫ్రికాలో గాంధీకి తోడున్న పార్సీ రుస్తుంజీ ఇచ్చారు. పదమూడు ఎకరాల నేల మాత్రం ఒక ఇల్లాలు ఇచ్చింది. ఆమే పొణకా కనకమ్మ.

దండి మార్చ్ తేదీ అడిగితే మనలో సగం మంది టక్కున చెప్తాం. కనకమ్మ గారు ఎవరంటే నెల్లూరు కుర్రాళ్ళే బుర్ర గోక్కుంటారు. అందుకే ఈసారి ఆవిడ గురించి రాస్తున్నాను.

పుట్టింది 1892లో, మినగల్లులో. తొమ్మిదేళ్ళు నిండీ నిండకుండానే పొట్లపూడి పొణకా సుబ్బరామిరెడ్డి గారితో పెళ్ళి చేశారు. పెద్ద భూస్వామి ఇల్లు. బడి అనేది ఆవిడ చూసింది లేదు. తెలుగు, సంస్కృతం, హిందీ అన్నీ ఇంట్లోనే కూర్చుని నేర్చుకున్నారు. పద్యాలు రాశారు. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ గారితో కలిసి జంటగా కవిత్వం చెప్పారు. ఆ రోజుల్లో ఇద్దరు మగకవులు జంట కట్టడం మామూలే. ఇద్దరు ఆడవాళ్ళు, అదీ వేరే వేరే కులాల వాళ్ళు కలిసి రాయడం మాత్రం నెల్లూరు జిల్లాలో చిన్న విషయం కాదు.

పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం అని ఒకటి పెట్టారు. వివేకానంద గ్రంథాలయం నడిపారు. హరిజనవాడల్లో పిల్లలకి చదువు చెప్పించే పనిలో దిగారు. భూస్వామి ఇంటి కోడలు గడప దాటడమే తప్పనుకునే కాలం అది, ఆ గడప దాటి వాడకు పోవడమంటే ఇక చెప్పక్కర్లేదు. దానాలు చేసే జమీందార్లు అప్పట్లో చాలామందే ఉన్నారు. ఇంట్లో కూర్చుని డబ్బు పంపడం వేరు, పోయి అక్కడ కూర్చోవడం వేరు. నాకు ఈవిడ నచ్చింది ఆ రెండో దానికే.

ఇప్పుడు అసలు విషయం. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం మొదలుపెట్టారు. కస్తూరిబా పేరే పెట్టారు. 1921 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరం వచ్చిన ఆడవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. బడి పెడితే సరిపోదు, పిల్లలు రావాలి. వచ్చిన పిల్లని పెళ్ళి చేసి తీసుకుపోకుండా ఉండాలి. బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం వచ్చిందే 1929లో, అది కూడా ఆడపిల్లకి పద్నాలుగేళ్ళే చాలంది. అంటే ఈ బడి తెరిచినప్పుడు, మూడో తరగతి పిల్ల సోమవారం కనబడకపోతే టీచరు ఆలోచించాల్సింది జ్వరం గురించి మాత్రమే కాదన్నమాట. తొమ్మిదేళ్ళకే పెళ్ళయిన మనిషి ఆ బడి పెట్టారు, గుర్తుంచుకోండి.

అక్షరాలతోపాటు చేతిపని కూడా నేర్పారు. అది తెలివైన పని అని నా అభిప్రాయం. భర్త పోయిన ఆడపిల్లకి, పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపిల్లకి రేపటి కూడు ఎట్లా అన్నది పద్యాలతో తీరే సమస్య కాదు. మా అమ్మమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. కుట్టుమిషన్ మీద ముగ్గురు పిల్లల్ని సాకింది. ఆ మిషన్ నేర్పిన వాళ్ళెవరో ఆమెకి ఇప్పటికీ గుర్తే, లెక్కలు చెప్పిన టీచరు గుర్తులేదు.

1929 మే నెలలో గాంధీ ఖద్దరు నిధి కోసం ఆంధ్రా తిరుగుతూ నెల్లూరు వచ్చి, విద్యాలయం భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన సభల్లో ఆడవాళ్ళు గాజులు, గొలుసులు తీసి ఇచ్చేవాళ్ళు. దీన్ని భక్తి అని రాసేస్తారు అందరూ. నాకు ఇంకొకటి కనిపిస్తుంది. అప్పటి హిందూ చట్టంలో ఆడదానికి నికరంగా తనదని చెప్పుకునే ఆస్తి స్త్రీధనం, అంటే ఎక్కువగా ఒంటి మీది బంగారం. భర్త ఆస్తిలో వితంతువుకి వాటా అన్న మాట చట్టంలోకి వచ్చింది 1937లో. అది కూడా బతికున్నంత వరకే, అమ్ముకునే హక్కు లేదు. పూర్తి హక్కు 1956లో వచ్చింది. కాబట్టి ఎవరినీ అడక్కుండా ఆ తల్లులు ఇవ్వగలిగింది మెళ్ళోదీ, చేతులదీ మాత్రమే. మగవాళ్ళు మిగిలిన దాంట్లోంచి ఇచ్చారు, వీళ్ళు ఉన్న ఒక్కదాంట్లోంచి ఇచ్చారు.

శంకుస్థాపన ఫోటోకి బాగుంటుంది. ఆ తర్వాత నెలనెలా వచ్చే టీచర్ జీతం మాటేంటి? చాక్‌పీసులు, పలకలు, వానకి కారే కప్పు? వీటికి ఎవరూ రిబ్బన్ కట్ చెయ్యరు. మన కాలేజీల్లో కూడా డొనేషన్ డ్రైవ్ అంటే ఒక ఆదివారం నోటుపుస్తకాలు పంచి గ్రూప్ ఫోటో దిగడమే కదా. రెండో ఆదివారం ఎవరొస్తారు? కనకమ్మ గారు ఆ రెండో ఆదివారం మనిషి. చందాల కోసం తిరిగారు, చాలకపోతే సొంతది పెట్టారు.

మధ్యలో జైలు. ఉప్పు సత్యాగ్రహంలో 1930లో, మళ్ళీ 1932లో. వెల్లూరు జైల్లో ఉన్నారు. బడి నడిపే మనిషి జైలుకి పోతే బడి ఏమవుతుందో ఆలోచించండి. తోటివాళ్ళు నిలబడ్డారు కాబట్టి నడిచింది. నెల్లూరు వెంకట్రామానాయుడు గారి ‘జమీన్ రైతు’ పత్రికకి తొలినాళ్ళలో అండగా ఉన్నవాళ్ళలోనూ ఈవిడ ఉన్నారు. జమీందారీ ఇంటి మనిషి రైతుల పత్రిక వెనక ఉండటం, అదొక తమాషా.

1930లలోనే ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చనిపోయింది. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి తిరువణ్ణామలై, రమణ మహర్షి దగ్గరికి పోయేవాళ్ళు. దాని గురించి నేనేం రాసినా చిన్నగానే ఉంటుంది, వదిలేస్తున్నాను. ఊరి పిల్లలందరికీ బడి పెట్టిన తల్లికి సొంత బిడ్డ దక్కలేదు, అంతే.

ఆస్తి కరిగిపోయింది. కొంత ఇచ్చింది, కొంత పోయింది. జమీందారీ వైభవం ఏదీ చివరి దాకా మిగల్లేదు. మద్రాసులో కె.ఎన్. కేసరి గారి ‘గృహలక్ష్మి’ పత్రిక తరఫున ఇచ్చే స్వర్ణకంకణం ఆవిడకి వచ్చింది. దేశం కోసం ఆడవాళ్ళంతా బంగారం తీసి ఇచ్చిన ఆ తరంలోని మనిషి చేతికి మళ్ళీ బంగారం తొడిగారన్నమాట.

మన రాష్ట్రంలో బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. గోదావరి లంకల్లో అడిగినవాడికల్లా అన్నం పెట్టిన తల్లి, ఆ పేరు పెట్టడం న్యాయమే. అన్నం పెట్టిన చెయ్యి జనానికి తొందరగా గుర్తుంటుంది. పలక ఇచ్చిన చెయ్యి ఎందుకో అంత గుర్తుండదు. ఫలితం ఇరవై ఏళ్ళకి కనబడుతుంది కాబట్టేమో, అప్పటికి ఇచ్చినవాళ్ళు ఉండరు.

కనకమ్మ గారు 1963 సెప్టెంబర్ 15న పోయారు. తన కథ తనే రాసిపెట్టుకున్నారు. ఆ రాతప్రతి ‘కనకపుష్యరాగం’ పేరుతో పుస్తకంగా వచ్చేసరికి ఆవిడ పోయి దాదాపు యాభై ఏళ్ళయింది. ఈసారి మైపాడు పోయేటప్పుడు ఇందుకూరుపేటలో ఆగి పల్లెపాడుకి దారి అడగండి, పెన్న ఒడ్డునే ఉంటుంది ఆశ్రమం.