బరువు అడిగిన మనిషి – బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్

మన కాలేజీలో విద్యార్థుల నమూనాల పోటీ జరిగినప్పుడల్లా నన్ను న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఆనవాయితీ అయిపోయింది. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఇది ఎంత బరువుంది? కుర్రాళ్ళు తెల్లమొహం వేస్తారు. ధర చెబుతారు, వేగం చెబుతారు, యంత్రం పేరయితే ఇంగ్లీషులో చాలా పొడుగ్గా చెబుతారు, బరువు మాత్రం తెలియదు. మాస్టారికి చాదస్తం అని వెనకాల అనుకుంటారని నాకు తెలుసు. అసలా ప్రశ్న నాది కాదు. ఎదుటివాడు ఎంత గొప్ప ఆర్కిటెక్టు అయినా సరే, మీరు కట్టిన భవనం బరువెంత అని అడిగి ఇరుకున పెట్టిన ఒక అమెరికా పెద్దాయనది. సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగితే ఆయన సంగతే వ్రాద్దామనిపించింది.

రిచర్డ్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ 1895 జులై 12న మసాచుసెట్స్ రాష్ట్రంలోని మిల్టన్‌లో పుట్టాడు. కెమిస్ట్రీ విద్యార్థులకు ఆయన పేరు ముందే తెలిసి ఉంటుంది. అరవై కార్బన్ పరమాణువులు బంతిలా అమరిన అణువును 1985లో కనుక్కున్న క్రోటో, కర్ల్, స్మాలీలు దానికి ఆయన పేరే పెట్టారు. ఆ ముగ్గురికీ 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. అణువు దొరికేనాటికి పెద్దాయన పోయి రెండేళ్ళయింది.

చదువు సంగతి చెప్పాలంటే, హార్వర్డ్ వారు ఆయన్ని ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్ళగొట్టారు. మొదటిసారి నాటకాల వాళ్ళకు విందు ఇచ్చి ఉన్న డబ్బంతా తగలేసినందుకు, రెండోసారి చదువు మీద శ్రద్ధ లేనందుకు. డిగ్రీ ఎప్పటికీ చేతికి రాలేదు. తరువాత గౌరవ డాక్టరేట్లు మాత్రం నలభైకి పైగా వచ్చాయి. (ఈ వాక్యాన్ని అటెండెన్సు తక్కువైన వాళ్ళు ఇంట్లో చూపించకుండా ఉంటే మంచిది.)

1917లో సరిగ్గా తన పుట్టినరోజునే ఆన్ హ్యూలెట్‌ను పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడు కూతురు అలెగ్జాండ్రా పుట్టింది. పాపకు జబ్బు మీద జబ్బు. 1922లో, నాలుగో ఏడు నిండకుండానే పోయింది. పసిబిడ్డలు జబ్బు పడడానికి సరైన ఇల్లు లేకపోవడం కూడా కారణమేనని ఆయన మనసులో నాటుకుపోయింది. మామగారితో కలిసి తేలిక ఇటుకల వంటి దిమ్మెలతో ఇళ్ళు కట్టే వ్యాపారం పెట్టాడు. 1927లో ఆ కంపెనీ నుంచి బయటికి పంపేశారు. చేతిలో డబ్బు లేదు, ఇంట్లో అప్పుడే పుట్టిన రెండో కూతురు. మిషిగన్ సరస్సు ఒడ్డున నిలబడి నీళ్ళలో దూకుదామనుకున్నాననీ, చివరికి తన బ్రతుకునే ఒక ప్రయోగంగా చేసుకుందామని వెనక్కి వచ్చేశాననీ తరువాత ఎన్నో సభల్లో చెప్పుకున్నాడు. ఆయన కాగితాలు ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఉన్నాయి. వాటిని తిరగేసిన పరిశోధకులు కొందరు ఈ కథ అచ్చంగా ఇలాగే జరిగిందా అని అనుమానపడ్డారు. నాకూ అనుమానమే. ఆయన మంచి కథకుడు. అయితే బిడ్డ పోవడం కథ కాదు.

అక్కడి నుంచి ఆయన పట్టుదల ఒక్కటే. తక్కువ సామానుతో ఎక్కువ పని జరగాలి. లోహం, కలప, శ్రమ ఏదీ వృథా కాకూడదు. ఈ రోజు మనం పర్యావరణం పేరుతో సెమినార్లలో చెప్పుకునే మాట ఆయన పర్యావరణం అనే పదం జనం నోట నానక ముందే పట్టుకున్నాడు. 1933లో మూడు చక్రాల కారు తయారుచేశాడు. పదకొండుమంది ఎక్కవచ్చు, వెనక చక్రంతో తిరుగుతుంది. ఆ ఏడాదే షికాగోలో ప్రమాదం జరిగి డ్రైవరు చనిపోయాడు. దాంతో ఆ కారు మీద జనానికి నమ్మకం పోయింది. మూడు బళ్ళతో సరి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో విమానాల ఫ్యాక్టరీలో అల్యూమినియంతో గుండ్రని ఇల్లు కట్టించాడు. మొత్తం ఇల్లు మూడు టన్నుల లోపు. కావాలని జనం ఎగబడ్డారు. నమూనా ఇంకా పూర్తికాలేదు, మార్కెట్లోకి వదలను అని ఈయనే భీష్మించుకు కూర్చున్నాడు. కంపెనీ మూతపడింది. ఆ రెండు నమూనాల ముక్కలు కలిపి నిలబెట్టిన ఇల్లు డియర్‌బర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.

విద్యార్థులకు పనికొచ్చే ఘట్టం దీని తరువాతది. 1948 వేసవిలో నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్ళాడు. కిటికీ తెరలకు వాడే అల్యూమినియం పట్టీలతో విద్యార్థుల చేత పెద్ద గోపురం కట్టించబోయాడు. పట్టీలన్నీ బిగించారు, అందరూ నిలబడి చూస్తున్నారు. గోపురం లేవలేదు. నేల మీద సేమ్యాలా పడి ఉంది. చూసినవాళ్ళు దానికి పడుకున్న గోపురం అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఈయన కూడా నవ్వేసి, మరుసటి వేసవిలో గట్టి గొట్టాలు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి నిలబడింది. విద్యార్థులు దాన్ని పట్టుకు వేళ్ళాడుతూ ఫోటో కూడా తీయించుకున్నారు. త్రిభుజాల వలతో అల్లిన ఆ గోపురానికి 1954లో పేటెంటు వచ్చింది. ఇటువంటి గోపురం జర్మనీలోని యేనాలో బాయర్స్‌ఫెల్డ్ అనే ఇంజనీరు 1920లలోనే కట్టాడన్న సంగతి కూడా చెప్పకపోతే తప్పు.

అసలు పేచీ ఇంకొకటి ఉంది. 1948 వేసవి విద్యార్థుల్లో కెనెత్ స్నెల్సన్ అని ఒక కుర్రవాడు. ఇంటికి వెళ్ళి చెక్కముక్కలూ దారాలూ ముందు వేసుకుని ఒక చిన్న బొమ్మ చేశాడు. అందులో చెక్కముక్క చెక్కముక్కకు తగలదు, బిగువుగా లాగిన దారాలే వాటిని గాలిలో నిలబెడతాయి. మరుసటి ఏడు తెచ్చి గురువుగారికి చూపించాడు. గురువుగారు మురిసిపోయి దాన్ని తీసుకున్నారు, టెన్‌సెగ్రిటీ అని పేరు పెట్టారు, సభల్లో తన సిద్ధాంతంగా చెప్పడం మొదలుపెట్టారు. స్నెల్సన్ పేరు బహిరంగంగా పక్కన చేరడానికి 1959లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శన దాకా ఆగవలసి వచ్చింది. ఆ బాధ ఆయనకు చివరిదాకా పోలేదు. ఆయన 1968లో ఇదే పద్ధతిలో నిలబెట్టిన 18 మీటర్ల సూది గోపురం వాషింగ్టన్‌లో ఉంది. స్నెల్సన్ 2016లో పోయాడు.

ఈ భాగం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థి పాత సైకిలు చక్రంతో వేరుశనక్కాయలు ఒలిచే యంత్రం చేశాడు. నేను చేసిందల్లా బేరింగు మార్చమని చెప్పడం. పోటీకి పంపిన కాగితంలో మొదటి పేరు నాది, రెండోది అతనిది. బహుమతి వచ్చినప్పుడు అతనే స్వీట్లు తెచ్చి ఇచ్చాడు. ఒక్క మాట అనలేదు. నేనూ అప్పుడు అది తప్పని అనుకోలేదు. ఈమధ్య అతనికి ఉత్తరం వ్రాశాను. జవాబు ఇంకా రాలేదు.

ఫుల్లర్‌ను ఈ ఒక్క కారణంగా తీసిపారేయలేను. విద్యార్థుల మీద ఆయనంత నమ్మకం పెట్టుకున్నవాళ్ళు అరుదు. 1961లో లండన్‌లో అంతర్జాతీయ ఆర్కిటెక్టుల మహాసభలో ఒక ప్రతిపాదన పెట్టాడు. ప్రపంచంలోని ఆర్కిటెక్చర్ కాలేజీలన్నీ పదేళ్ళపాటు ఒకే లెక్క చెయ్యాలి. భూమ్మీద ఉన్న వనరులతో, ఒకరి నోటి దగ్గర కూడు లాగకుండా, మనుషులందరూ సుఖంగా బ్రతకడం ఎలా? ప్రభుత్వాలు చెయ్యవు, పెద్దలకు తీరిక లేదు, కుర్రాళ్ళే చెయ్యాలని ఆయన లెక్క. 1965లో పారిస్ టూలరీ ఉద్యానంలో విద్యార్థులు తమ పటాలూ పట్టికలూ ప్రదర్శించారు. పదేళ్ళ పథకం అనుకున్నంత సాగలేదు. 1969లో ఢిల్లీకి వచ్చి నెహ్రూ స్మారకోపన్యాసం ఇచ్చినప్పుడు కూడా ఆయన ధ్యాస ఇదే. ఆయన పేరిట ఉన్న సంస్థ లక్ష డాలర్ల బహుమతితో ఒక డిజైన్ పోటీ పెట్టింది. 2008లో మొదటి బహుమతి బొగ్గు గనుల వల్ల పాడైన అపలాచియా నేలలను బాగుచేసే పథకానికి జాన్ టాడ్ అందుకున్నాడు.

గోపురాలకూ లోపాలున్నాయి. అతుకులెక్కువ, వానకు కారతాయి. 1967లో మాంట్రియల్ ప్రదర్శనకు కట్టిన 76 మీటర్ల వ్యాసం గల గోపురానికి అక్రిలిక్ తొడుగు వేశారు. 1976లో మరమ్మతు చేస్తుండగా నిప్పంటుకుని తొడుగంతా కాలిపోయింది. ఉక్కు వల మాత్రం అలాగే నిలిచింది. 1995 నుంచి అందులో పర్యావరణ మ్యూజియం ఉంది.

1983 జులై 1న లాస్ ఏంజెలెస్ ఆసుపత్రిలో ఆన్ స్పృహ లేకుండా పడి ఉంది. పక్కన కూర్చున్న ఫుల్లర్ తన చెయ్యి ఆమె నొక్కిందనుకుని లేచి నిలబడ్డాడు. అప్పుడే గుండెపోటు వచ్చింది, గంటలో పోయాడు. ముప్పై ఆరు గంటల తరువాత ఆమె కూడా పోయింది. ఇంకో పదకొండు రోజులుంటే ఆయనకు ఎనభై ఎనిమిది నిండేవి, పెళ్ళయి అరవై ఆరేళ్ళయ్యేవి. ఇద్దరినీ మసాచుసెట్స్‌లోని మౌంట్ ఆబర్న్ శ్మశానంలో పక్కపక్కనే పెట్టారు.