గాలి ఎక్కడుందని ముందు అడిగాడు

మీ రెజ్యూమెలో మూడేళ్ల గ్యాప్ ఉందనుకోండి. ఆ మూడేళ్లూ ఏం చేశారని ఇంటర్వ్యూలో అడిగితే, ఇంట్లోనే ఉన్నాను, అమ్మకు ఒంట్లో బాగోలేకపోతే చూసుకున్నాను, నాన్న అలమారలో పుస్తకాలు చదివాను అని చెప్పగలరా? చెప్పినా, ఎదుటివాళ్లు తలూపేసి తర్వాతి అభ్యర్థిని పిలుస్తారేమోనని లోపల భయం. విల్బర్ రైట్ రెజ్యూమె రాసుకుని ఉంటే అచ్చం ఇలాగే ఉండేది. డిగ్రీ లేదు. హైస్కూల్ డిప్లొమా కూడా చేతికి రాలేదు.

రైట్ సోదరులు అనగానే మనకు 1903 డిసెంబరు 17, 12 సెకన్లు, 120 అడుగులు గుర్తొస్తాయి. పోటీ పరీక్షల్లో అడిగేదీ అంతే. నాకు మాత్రం ఆ 12 సెకన్ల కంటే, దానికి నాలుగేళ్ల ముందు అన్న విల్బర్ కూర్చుని చేసిన ఇంకో పని ఎక్కువ ఇష్టం. ఎగరడానికి ఏ ఊరు వెళ్లాలి, ఏ నెలలో వెళ్లాలి అని తేల్చుకోవడం. దాని గురించి చెప్పేముందు మనిషి గురించి కొంచెం చెబుతాను.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి మిల్టన్ చర్చి బిషప్ కావడంతో కుటుంబం ఊళ్లు మారుతూ ఉండేది. 1884లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌కి మారినప్పుడు విల్బర్ హైస్కూల్ కోర్సు పూర్తయింది కానీ డిప్లొమా అందుకోలేదు. (చివరికి 1994లో ఇచ్చారు, అతను పోయిన 82 ఏళ్లకు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆలస్యమవుతోందని మీరు యూనివర్సిటీ కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు ఇది గుర్తుచేసుకోండి.) బాగా చదివే కుర్రాడు కాబట్టి యేల్ యూనివర్సిటీకి పంపాలని ఇంట్లో ఆలోచన. 1885-86 చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద హాకీలాంటి ఆట ఆడుతుంటే కర్ర వచ్చి మూతికి తగిలింది. ముందు పళ్లు పోయాయి. గాయం మానినా గుండెదడ పట్టుకుంది, తిన్నది అరిగేది కాదు. యేల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అదే సమయంలో తల్లి సుసాన్‌కు క్షయ ముదిరింది. ఆమెను మేడ మీద నుంచి కిందికి, కింద నుంచి పైకి ఎత్తుకుని తీసుకెళ్లే పని విల్బర్‌ది. 1889లో ఆమె చనిపోయేనాటికి అతనికి 22 ఏళ్లు. ఉద్యోగం లేదు, చదువు ఆగిపోయింది.

తర్వాత తమ్ముడు ఆర్విల్‌తో కలిసి ప్రింటింగ్ ప్రెస్ నడిపాడు. 1892లో ఇద్దరూ సైకిల్ షాపు పెట్టారు. ముందు అమ్మడం, రిపేర్లు, కొన్నేళ్లకు సొంతంగా సైకిళ్ల తయారీ. బతకడానికి ఢోకా లేదు.

ఒక చావు, ఒక లెక్క

1896 ఆగస్టులో జర్మనీ నుంచి ఓ వార్త వచ్చింది. ఒట్టో లిలియంతాల్ గ్లైడర్ మీంచి పడి చనిపోయాడని. అతను ఇంజినీర్, బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీ యజమాని. సెలవు దొరికితే చాలు, గ్లైడర్ తీసుకుని బెర్లిన్‌కి దూరంగా ఉన్న కొండలకు వెళ్లేవాడు. ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా ఎదురుగా పరిగెత్తి దూకడానికి వీలుగా ఇంటికి దగ్గర్లో 15 మీటర్ల ఎత్తున గుండ్రటి మట్టిదిబ్బ కూడా కట్టించుకున్నాడు. అంత జాగ్రత్త ఉన్న మనిషిని కూడా గాల్లో వచ్చిన ఒక్క మార్పు పడేసింది. గ్లైడర్ ముక్కు పైకి లేచి నిలిచిపోయింది, అతను శరీరాన్ని ఎంత ముందుకు ఊపినా దిగలేదు.

విల్బర్ ఆ చావులో ఓ లెక్క చూశాడు. లిలియంతాల్ అయిదేళ్లలో సుమారు రెండు వేల సార్లు దూకాడు. ఒక్కోటీ కొన్ని సెకన్లే. అన్నీ కలిపితే గాల్లో ఉన్నది దాదాపు అయిదు గంటలు. అయిదు గంటల ప్రాక్టీసుతో ఎవరికైనా సైకిల్ మీద రద్దీ రోడ్డులో వెళ్లేంత ధైర్యం వస్తుందా? సైకిళ్లు అమ్మేవాడికి ఆ ప్రశ్న సహజంగానే తట్టి ఉంటుంది. అంటే ముందు కావాల్సింది ఇంజిన్ కాదు, చావకుండా గంటల తరబడి ప్రాక్టీసు చేసే పద్ధతి.

ఆ పద్ధతి గాలిలోనే ఉంది. చూడండి, గ్లైడర్ లేవడానికి రెక్కల మీదుగా గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గాలి పోవాలనుకుందాం. గాలి లేని రోజున మీరే 40 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. పడితే అదే వేగంతో నేలను గుద్దుకుంటారు. ఎదురుగాలి 30 ఉంటే నేలతో పోలిస్తే మీ వేగం 10 మాత్రమే. సైకిల్ వేగం కూడా లేదు. పడినా కింద ఇసుక ఉంటే బట్టలు దులుపుకుని లేస్తారు. కాబట్టి విల్బర్‌కు మూడు కావాలి: బలంగా, ఒకేలా వీచే గాలి, చెట్లు లేని వాలు, మెత్తటి ఇసుక. ఇవి డేటన్‌లో లేవు.

ఉత్తరాల వరస

ఇక్కడి నుంచి అతను చేసింది మీకు బాగా తెలిసిన పనే. ముక్కూమొహం తెలియనివాళ్లకు రాయడం. 1899 మే 30న వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరం రాశాడు. ఎగరడం గురించి మీ దగ్గరున్న ప్రచురణలు పంపండి, మిగతా పుస్తకాల జాబితా ఇవ్వండి అని. అడిగింది స్పష్టంగా, ఇవ్వడానికి వీలుగా ఉంది. కొద్దిరోజుల్లోనే జవాబు వచ్చింది. అదే నవంబరులో అమెరికా వాతావరణ శాఖకు రాశాడు. ఈసారి అడిగింది చికాగో చుట్టుపక్కల ఆగస్టు నుంచి నవంబరు దాకా గాలి ఎలా ఉంటుందని. వాళ్లు అడిగినదానికంటే ఎక్కువే పంపారు. 120 కేంద్రాల్లో గంటగంటకూ నమోదైన గాలి వేగాల సగటులున్న నెలవారీ పత్రికలు రెండు. ఆ పట్టికలో ఎక్కువ గాలి వీచే చోట్లలో ఒకటి కిట్టీహాక్. నార్త్ కరొలైనా తీరంలో, సముద్రానికీ ఉప్పునీటి కాయలకూ మధ్య సన్నటి ఇసుక పట్టీ మీద చిన్న జాలరి పల్లె.

పట్టిక చూసి పెట్టె సర్దేయలేదు. 1900 మేలో ఆక్టేవ్ షనూట్ అనే పెద్ద సివిల్ ఇంజినీర్‌కు రాశాడు. గ్లైడర్ల మీద అప్పటికి అమెరికాలో ఆయన కంటే తెలిసినవాళ్లు లేరు. కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో గాలి నిలకడగా ఉంటుంది కానీ అక్కడ ఇసుక కొండలు లేవు, అట్లాంటిక్ తీరంలో చూసుకోమని ఆయన చెప్పాడు. ఆగస్టులో నేరుగా కిట్టీహాక్ వాతావరణ కేంద్రానికే రాశాడు. అక్కడి ఉద్యోగి జోసెఫ్ డోషర్ క్లుప్తంగా జవాబిచ్చాడు. తీరం మైలు వెడల్పు, చెట్లు లేవు, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉత్తరం, ఈశాన్యం గాలి, అద్దెకు ఇల్లు దొరకదు, డేరాలు తెచ్చుకోండి. అంతటితో ఆగకుండా ఆ ఉత్తరాన్ని ఊళ్లో ఉన్న విలియం టేట్‌కు చూపించాడు. టేట్ పెద్ద ఉత్తరమే రాశాడు. గంటకు 16 నుంచి 32 కిలోమీటర్ల గాలి, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు రావచ్చని.

గమనించారా, పట్టిక ఇచ్చింది ఒక అంకె. దిక్కు, నేల, నెల, ఉండటానికి చోటు, ఇవన్నీ అక్కడ ఉండే మనుషులు చెప్పారు. కంపెనీ గురించి వెబ్‌సైట్‌లో చదవడానికీ, అందులో పనిచేసే సీనియర్‌ని అడగడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

సెప్టెంబరు 6న బయల్దేరాడు. రైలు, స్టీమరు, మళ్లీ రైలు. రెక్కలకు 18 అడుగుల స్ప్రూస్ కర్ర దారిలో కొందామనుకుంటే నార్‌ఫోక్ ఊరంతా తిరిగినా దొరకలేదు. 16 అడుగుల పైన్‌తో సరిపెట్టుకున్నాడు. డేటన్‌లో కొలత ప్రకారం కత్తిరించుకొచ్చిన గుడ్డను తర్వాత టేట్ భార్య కుట్టుమిషన్ మీద మళ్లీ కుట్టుకోవాల్సి వచ్చింది. చివరి మజిలీకి దొరికింది నీళ్లు కారే పడవ. దారిలో తుపానుగాలి. పడవలో వండింది తినబుద్ధి కాక, చెల్లి క్యాథరిన్ సంచిలో పెట్టిన జామ్ సీసాతో కడుపు నింపుకున్నాడు. చేరేసరికి వారం పట్టింది.

సగటు దాచిపెట్టేది

డేటా సబ్జెక్టులు చదివేవాళ్లకు ఈ ముక్క. నెల సగటు గాలి 24 కిలోమీటర్లంటే రోజూ 24 ఉంటుందని కాదు. రెండ్రోజులు ఆకు కదలదు, మూడోరోజు డేరా ఎగిరిపోతుంది. కిట్టీహాక్‌లో అన్నదమ్ములకు ఈ రెండూ ఎదురయ్యాయి. తాళ్లతో గాలిపటంలా ఎగరేసి, తాళ్ల మీద పడే బలాన్ని స్ప్రింగ్ త్రాసుతో తూచి, గాలి వేగం రాసుకున్నారు. అక్టోబరు 10న నేల మీద పెట్టిన గ్లైడర్‌ని ఒక్క గాలి తెర లేపి 20 అడుగుల అవతల కొట్టింది. బాగుచేసుకోవడానికి మూడు రోజులు. ట్రిప్ చివర్లో అనుకున్న గాలి దొరికినప్పుడు, ఆరు కిలోమీటర్ల దూరంలోని కిల్ డెవిల్ హిల్స్ ఇసుక దిబ్బల మీద విల్బర్ పడుకుని జారాడు. ఆ ఏడాది మొత్తం మీద స్వేచ్ఛగా గాల్లో ఉన్నది సుమారు రెండు నిమిషాలు. ఏడాది ప్లానింగ్‌కి రెండు నిమిషాలు! అయినా ఇద్దరూ సంతోషంగానే తిరిగొచ్చారు, ఎందుకంటే కంట్రోల్ పనిచేసింది, ఎముకలు విరగలేదు.

నాకు రేడియో కంట్రోల్ గ్లైడర్ల సరదా ఉంది. మోటారు ఉండదు, కొండ అంచున నిలబడి చేత్తో విసిరితే వాలు మీదుగా పైకి లేచే గాలి మీదే తేలుతుంది. దీన్ని స్లోప్ సోరింగ్ అంటారు. బయల్దేరేముందు చూసుకునేవి 1900లో విల్బర్ అడిగినవే. గాలి వాలుకి సూటిగా వస్తుందా, పక్కవాటుగానా? పక్కవాటుగా వస్తే లేపే బలం పడిపోతుంది. వేగం ఒకేలా ఉందా, తెరలు తెరలుగా వస్తోందా? దిగడానికి చోటు ఎక్కడ? కొండ వెనకవైపు గాలి సుడి తిరిగి కిందికి లాగేస్తుంది, అక్కడికి వెళ్లిన గ్లైడర్ ముక్కలే దొరుకుతాయి. ఉరుములున్నాయంటే ఇంట్లోనే ఉండాలి. మనకు ఇవన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. విల్బర్‌కు చేతిలో పట్టుకునే అనిమోమీటర్ ఒకటి, మీద ఎగిరే రాబందులు కొన్ని ఉండేవి. ఏ వాతావరణంలో, ఎంత గాలిలో అవి రెక్క ఆడించకుండా తేలుతున్నాయో నోట్‌బుక్‌లో రాసుకునేవాడు.

1901లో మళ్లీ వెళ్లారు. జులైలో వెళ్లడంతో వాన, దోమలు. అంతకంటే బాధ, రెక్కల లిఫ్ట్ లెక్కలో వచ్చినదానికి మూడోవంతే. నిరాశతో తిరిగొచ్చి, ఆరడుగుల చెక్క గొట్టం చేసి, లోపలికి ఫ్యాన్‌తో గాలి కొట్టి, దాదాపు 200 చిన్న రెక్కల ఆకారాలు పరీక్షించారు. 1902లో వెయ్యికి దగ్గరగా జారుళ్లు, అత్యధికంగా 622 అడుగులు. లిలియంతాల్‌కు దొరకని ప్రాక్టీసు వీళ్లకు దొరికింది.

1903 డిసెంబరులో ఇంజిన్ బిగించారు. 13న గాలి బాగుంది, కానీ ఆదివారం. ఆదివారం పని చేయమని తండ్రికి మాటిచ్చారు, చేయలేదు. 14న గాలి తక్కువ కావడంతో దిబ్బ వాలు మీద పట్టాలు వేశారు. నాణెం ఎగరేస్తే విల్బర్ గెలిచాడు. ముక్కు మరీ పైకెత్తాడు, మూడున్నర సెకన్లలో ఇసుకలో పడ్డాడు. 17న గుంటల్లో నీళ్లు గడ్డకట్టాయి, గాలి గంటకు 30 నుంచి 43 కిలోమీటర్లు. తగ్గుతుందేమోనని పది దాకా చూశారు. తగ్గలేదు. ఇక ఇంటికెళ్లే రోజు దగ్గరపడింది. తీర రక్షణ కేంద్రం వాళ్లకు కనిపించేలా జెండా ఎత్తారు. చదును నేల మీదే పట్టాలు. వంతు ఆర్విల్‌ది, అందుకే చరిత్రలో ఆ 12 సెకన్లు అతని పేరున ఉన్నాయి. నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు. ఆ తర్వాత గాలి ఒక్క తోపుతో విమానాన్ని దొర్లించి విరగ్గొట్టింది. ఆ యంత్రం మళ్లీ ఎగరలేదు.

మిగతాది మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. డేటన్ దగ్గర పశువుల మేత మైదానంలో గాలి చాలక, బరువులు కిందపడితే విమానం ముందుకు లాగబడే టవర్ కట్టుకున్నారు. 1905లో విల్బర్ 39 నిమిషాలు ఎగిరాడు. 1908లో ఫ్రాన్స్‌లో జనం నమ్మారు. 1909లో న్యూయార్క్ దగ్గర నీళ్ల మీదుగా ఎగరాల్సి వస్తే విమానం కింద చిన్న పడవ కట్టుకుని ఎగిరాడు. ఆ పడవ చూస్తే మనిషి మారలేదని తెలుస్తుంది. ఆ తర్వాత పేటెంట్ కేసులు అతని రోజుల్ని మింగేశాయి. ఆ కేసులకు అంత కాలం ఇవ్వాల్సింది కాదని నా అభిప్రాయం. 1912 మే 30న టైఫాయిడ్‌తో డేటన్ ఇంట్లో చనిపోయాడు. 45 ఏళ్లు.

దానికి ఏడు నెలల ముందు, 1911 అక్టోబరు 24న, ఆర్విల్ మళ్లీ కిల్ డెవిల్ హిల్స్ ఎక్కాడు. కొత్త పరికరం పరీక్షిద్దామని వెళ్లాడు కానీ విలేఖరులు కాపు కాయడంతో దాన్ని బయటికి తీయలేదు. ఇంజిన్ లేని గ్లైడర్‌తో, దిబ్బకు ఎదురొచ్చే జోరుగాలిలో, దాదాపు ఒకే చోట తేలుతూ 9 నిమిషాల 45 సెకన్లు ఉన్నాడు. విల్బర్ ఆ ట్రిప్‌కు వెళ్లలేదు. ఆ రికార్డును 1921లో జర్మనీ కొండల మీద దాటారు.