చిలకమర్తివారి కథను పిల్లలకెట్లు చెప్పవలెను?

పిల్లల కథలలో అంగవైకల్యము గలవారికి తరచుగా రెండే దారులు కనబడును. కథ ముగియులోగా ఆ వైకల్యము తీరిపోవలెను. లేనియెడల ఆ పాత్ర జాలికో నవ్వుకో పనికివచ్చి తెరమరుగు కావలెను. మన అష్టావక్రుడు జనకుని ఆస్థానమున తన విద్యచేతనే గెలిచెను. ఐనను కథకు అంతటితో తృప్తి కలుగలేదు. సమంగానదిలో స్నానము చేయించి, ఆయన ఎనిమిది వంకరలను చక్కజేసిన పిమ్మటనే కథ ముగిసినది. పంచతంత్రములో పాము ఉడికిన ఆవిరి సోకి గ్రుడ్డివానికి చూపు వచ్చును; దెబ్బ తగిలి గూనివాని నడుము నిటారగును. పాశ్చాత్యుల బాలసాహిత్యమున కూడ ఈ పద్ధతియే చిరకాలము సాగినది. 1881లో ముగిసిన ‘హైడీ’ కథలో చక్రముల కుర్చీకి అంటిపెట్టుకొనియున్న క్లారా కొండగాలికి కోలుకొని నడచును. 1911 నాటి ‘ది సీక్రెట్ గార్డెన్’లో మంచము పట్టిన కాలిన్ తోటలో లేచి పరుగెత్తును.

ఇట్టి కథలు చదివి ఆరోగ్యముగా నున్న బాలుడు సంతోషించును. కాని తన చూపు ఇక రాదనియో, తన కాలు ఇక సాగదనియో తెలిసిన బాలుని మాటయేమి? బాగుపడినవారికే కథలో చివరి పుట దక్కునని ఆ పసిమనసు గ్రహించును. ఆ బాలుని చేతికి ఈయదగిన జీవితచరిత్ర యొకటి మన గోదావరి తీరముననే యున్నది. అది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిది.

కోనసీమవారికి ఆయన పొరుగూరివారే. రావులపాలెమువద్ద వసిష్ఠ గోదావరిపైనున్న వారధి దాటినచో సిద్ధాంతము. దానికి చేరువనే ఖండవల్లి. 1867 సెప్టెంబరు 26వ తేదీన వేంకన్న, వేంకటరత్నమ్మ దంపతులకు లక్ష్మీనరసింహంగారు ఆ గ్రామమున జన్మించిరి. బాల్యమునుండియు ఆరోగ్యము అంతంత మాత్రమే. దానికి తోడు రేచీకటి.

రేచీకటి యనునది నేటి పిల్లలకు వివరించి చెప్పవలసిన మాట. ఆహారమున ‘ఎ’ విటమిను కొరవడుటచేత వచ్చు రేచీకటి కలదు. సకాలమున గుర్తించి ఆ లోపము పూరించినచో అది నయమగును. కంటి లోపలి పొర ఏండ్ల తరబడి క్షీణించుటచేత వచ్చునది మరియొకటి. అది ముందు రాత్రిని హరించి, పిదప పగటిని కూడ కొంచెము కొంచెముగా హరించును. లక్ష్మీనరసింహంగారి చూపు పోయిన క్రమము ఈ రెండవ తీరును పోలియున్నది. విద్యుద్దీపము లేని ఆ దినములలో, కాలువగట్లును వరిచేలును నిండిన ఈ డెల్టా సీమలో, ప్రొద్దు గ్రుంకగానే చూపు పోవు బాలునికి లోకమెంత చిన్నదగునో ఊహింపవచ్చును. దీపము ముందు కూర్చుండి చదువుకొనవలసిన వేళ ఆ దీపమే వానికి చాలదు. పగలు విన్నదానిని రాత్రి మనసులో తిరుగవేసికొనుటయే అట్టి బాలునికి మిగిలిన చదువు.

వీరవాసరములోను నరసాపురములోను సాగిన విద్యాభ్యాసము ఆయనను రాజమహేంద్రవరమునకు చేర్చినది. 1889లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైరి. అప్పటికే పగటిచూపు కూడ మందగించుచుండెను. ఐనను ఆ కాలముననే ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజముకొరకు వ్రాసిన ‘గయోపాఖ్యానము’ ఆంధ్రదేశమంతట మారుమ్రోగెను. తరువాతి కాలమున ఆంధ్రకేసరియైన టంగుటూరి ప్రకాశంగారు యౌవనమున ఆ సమాజపు నాటకములలో వేషములు కట్టినవారే. ఆ నాటకము లక్ష ప్రతులకు మించి అమ్ముడుపోయినదని ప్రసిద్ధి. 1894లో ‘రామచంద్రవిజయము’ నవల ‘చింతామణి’ పత్రిక పోటీలో ప్రథమ బహుమానము పొందెను. 1896లో ‘హేమలత’ వెలువడెను. మరియొకవైపు రాజమహేంద్రవరమున తెలుగు పండితులుగా బడిపిల్లలకు పాఠములు చెప్పుచు జీవనము గడుపుకొనుచుండిరి.

ముప్పదవయేడు వచ్చుసరికి చూపు పూర్తిగా పోయెను. జీవితచరిత్ర వ్రాయువారు ఇక్కడ సాధారణముగా ఒక నిట్టూర్పు విడిచి, వెనువెంటనే ఒక అద్భుతమును ప్రకటింతురు. బాహ్యనేత్రములు మూతపడగా అంతర్నేత్రము తెరచుకొన్నదందురు. ఆ మాట వినసొంపుగనే యుండును గాని, పిల్లలకు దానివలన ప్రయోజనము లేదు. ఎందుచేతననగా, అది ఎట్లు జరిగినదో చెప్పదు. చూపులేని మనుష్యుడు ‘అహల్యాబాయి’, ‘కర్పూరమంజరి’ మొదలగు నవలలు ఎట్లు రచించెను? పత్రికలు ఎట్లు నడిపెను? బాలుడు అడుగు ప్రశ్న ఇదియే. చరిత్రకారుడు సమాధానము చెప్పవలసినది కూడ దీనికే.

ఆనాడు అంధులకు అందుబాటులో నున్నదేమి? ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలీ 1824లో, తన పదునైదవయేట, ఆరు చుక్కల లిపిని రూపొందించి, 1829లో దానిని ప్రకటించెను. మన దేశమున అమృతసరమునందు 1887లో అంధుల పాఠశాల వెలసెను. అప్పటికి లక్ష్మీనరసింహంగారికి ఇరువది యేండ్లు. కాని భారతీయ భాషలన్నిటికి కలిపి భారతీ బ్రెయిలీ అను ఉమ్మడి లిపి స్థిరపడినది 1951లో. అది వారు గతించిన అయిదేండ్లకు జరిగినది. కనుక చుక్కల లిపి వారి చేతికి ఆధారము కాలేదు. ఆధారమైనవి మూడే: చెవి, జ్ఞాపకశక్తి, ఇతరుల కన్నులు చేతులు.

ఈ మూడింటితో గ్రంథము పుట్టించుట ఎంతటి పనియో తెలుగు చదువుకొన్నవారికి తెలియును. పద్యమైనచో ఛందస్సు కొంత తోడ్పడును. యతిప్రాసలు కొక్కెములవలె నిలిచి పాదమును జారిపోనీయవు. అవధానులు వందలకొలది పద్యములు ధారణ చేయుట మనమెరిగినదే. వచనమునకు అట్టి కొక్కెములు లేవు. నవలాకారుడు ఒక ప్రకరణము చెప్పుచున్నప్పుడు, పది ప్రకరణముల క్రింద ఏ పాత్ర నోట ఏ మాట వచ్చినదో మనసులో నుంచుకొనవలెను. అనుమానము వచ్చినప్పుడు పుట త్రిప్పి చూచుకొను సౌకర్యము లేదు. మరల చదివించుకొని వినవలెను. చెప్పువాని వేగమునకు వ్రాయువాని చేయి చాలదు. కలము ఆగినప్పుడెల్ల భావము కూడ ఆగి నిలువవలెను. రాజపుత్రుల కథలను ‘రాజస్థాన కథావళి’గా తెలిగించిన గ్రంథకర్తకు మూలము కర్నలు టాడు వ్రాసిన ఆంగ్ల గ్రంథము. చూపులేనివానికి అంతటి గ్రంథమనగా ఒకరు చదువగా వినునదే. అచ్చుచిత్తులు దిద్దుటయు అంతే.

కావున ఈ కథలో ఒక్కరే నాయకులు కారు. చదివి వినిపించినవారు, చెప్పినది వ్రాసిపెట్టినవారు, వీధిలో చేయి పట్టి నడిపించినవారు, వీరందరు ఆ గ్రంథములలో అదృశ్యముగా నున్నారు. పిల్లల పుస్తకమున వీరికి చోటుండవలెను. ఒకరి సహాయము పొందుట చిన్నతనము కాదనియు, ఒకరికి కన్నుగా నుండుట గొప్ప చదువనియు ఆ పుటలే బోధించును. వ్యాసులవారు భారతము చెప్పగా విఘ్నేశ్వరుడు వ్రాసెనని మనవారు చెప్పుకొందురు. చెప్పినవారికిగాని వ్రాసినవారికిగాని అందువలన గౌరవము తగ్గలేదు. లక్ష్మీనరసింహంగారు 1920 ప్రాంతమున వెలువరించిన హాస్యనవల పేరు కూడ ‘గణపతి’ యగుట ముచ్చటైన సంగతి.

‘గణపతి’ని గూర్చి మరియొక మాట చెప్పవలసియున్నది. కన్నులు లేనివాడు విషాదమునే వ్రాయునని లోకము తలంచును. చూపుపోయిన రెండు దశాబ్దములకు వీరు వ్రాసినది తెలుగువారిని కడుపుబ్బ నవ్వించిన పుస్తకము. బడి ఎగవేయు పిల్లలు, అల్లరి, పేదరికము, వీధి తగవులు అందు కన్నులకు కట్టినట్లుండును. పిదప అది ఆకాశవాణిలో నాటకమై ఇంటింట వినబడెను. చెవితో లోకమును తెలిసికొన్నవాని రచన చెవులకే విందు చేయుట సమంజసమే గదా!

వారి జీవితము గ్రంథరచనతో ముగిసినది కాదు. వీరేశలింగముగారి సంస్కారోద్యమ ప్రభావము వారిపై గాఢముగా నుండెను. ‘మనోరమ’, ‘దేశమాత’ పత్రికలను నిర్వహించిరి. 1907లో బిపిన్‌చంద్రపాలు రాజమహేంద్రవరము వచ్చి ఉపన్యసించినప్పుడు ఆ ప్రసంగమును తెలుగులో వినిపించినవారు వీరే. ఆ సందర్భమున వారు చెప్పిన పద్యము, భారతదేశమును పాడియావుతో పోల్చినది, నేటికిని తెలుగువారి నాలుకపై నున్నది. కాగితము చూడక, ఒకరి మాటను విని మరియొక భాషలో సభకు వినిపించుట, ఏండ్లుగా చెవిని జ్ఞాపకమును సానబట్టినవానికి చెల్లిన పని.

1909లో రాజమహేంద్రవరమున అంటరానివారని సంఘము దూరముంచిన పిల్లలకొరకు ఒక పాఠశాల స్థాపించిరి. పిల్లల పుస్తకమున తప్పక చెప్పవలసిన ఘట్టమిది. అంధుని మనము సాధారణముగా సహాయము పుచ్చుకొనువానిగనే చిత్రింతుము. ఇతడో, కన్నులున్న సంఘము చూడనొల్లని పిల్లలను చూచినవాడు. వైకల్యము గలవాడు ఇతరులకు ఇయ్యగలవాడు కూడనని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల?

లోకము ఆయనకు రెండు బిరుదులిచ్చినది. చారిత్రక నవలలు వ్రాసినందున ఆంధ్ర స్కాట్. చూపులేని కవి యగుటచేత ఆంధ్ర మిల్టన్. మిల్టన్ కవి 1652 నాటికి అంధుడై, 1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’ మహాకావ్యమును ఇతరులచేత వ్రాయించెను. ఆ పోలిక స్పష్టమే. స్కాట్ విషయము పలువురు గమనింపరు. సర్ వాల్టర్ స్కాట్‌కు ఏడాదిన్నర ప్రాయమున, 1773లో, పోలియో వ్యాధి సోకి కుడికాలు జీవితాంతము కుంటిదయ్యెను. నవలలకై ఇచ్చిన బిరుదునందు సైతము ఒక వికలాంగుని పేరే యుండుట యాదృచ్ఛికము. సాహిత్యచరిత్రలో ఇట్టివారు అరుదు కారు. చరిత్ర చెప్పునప్పుడు మనము ఆ సంగతిని విడిచిపెట్టుచున్నామంతే.

డెబ్బది దాటిన వయసున లక్ష్మీనరసింహంగారు తమ ‘స్వీయచరిత్రము’ను చెప్పి వ్రాయించిరి. దినచర్యలు తిరగవేయక, కేవలము జ్ఞాపకముపై ఆధారపడి, గోదావరి మండలపు అర్ధశతాబ్దపు సంఘచరిత్రను అందు నిలిపిరి. 1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో వారిని సత్కరించెను. 1946 జూను 17వ తేదీన వారు కీర్తిశేషులైరి. చూపు తిరిగి రాలేదు. ఐనను ఈ కథలో లోటేమున్నది? అష్టావక్రుని కథకు నదీస్నానము కావలసివచ్చినది గాని, చిలకమర్తివారి కథకు అట్టి స్నానము అక్కరలేదు.

బాలురకై వైకల్యమును గూర్చి, వ్యాధిని గూర్చి వ్రాయువారు ఈ జీవితమునుండి గ్రహింపవలసినది ఇదియే. జాలి వలదు, అద్భుతము వలదు, చివరి పుటలో స్వస్థత తప్పనిసరి కాదు. పని ఎట్లు జరిగినదో చెప్పవలెను. ఎవరు తోడైరో చెప్పవలెను. హెలెన్ కెల్లరును గూర్చి పిల్లలకు చెప్పునప్పుడు 1887లో నీటిపంపువద్ద ఆమె చేతిలో గురువు మాట వ్రాసిన ఘట్టముతో ఆపివేయుదురు. అటుపిమ్మట ఎనుబదియేండ్లకు పైగా ఆమె జీవించి, రచనలు చేసి, 1955లో మన దేశమునకు కూడ వచ్చి అంధుల విద్యకై మాటాడిన సంగతి మరతురు. బాల్యములోని అద్భుతముకంటె తరువాతి జీవితపు శ్రమయే ఎదుగు పిల్లలకు ఎక్కువ ధైర్యమిచ్చును.

కడపట ఒక మాట. అంధుని కథ అంధబాలునికి అందనిచో ఆ పుస్తకము సగమే వ్రాసినట్లు. లక్ష్మీనరసింహంగారి రచనలపై గ్రంథస్వామ్యము 2006తో ముగిసినది. వానిని బ్రెయిలీలో అచ్చువేయుటకుగాని, చదివి ధ్వనిముద్రణ చేయుటకుగాని ఎవరి అనుమతియు అక్కరలేదు. చూపులేని పాఠకులకు గ్రంథములు సులభముగా అందవలెనని 2013లో మరాకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమును 2014లో మొట్టమొదట ధ్రువపరచిన దేశము మనదే. చట్టము దారి ఇచ్చినది, నడవవలసినవారము మనము. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పాఠశాలలలో చక్కని గొంతు, స్ఫుటమైన ఉచ్చారణ గల పిల్లలు ఎందరో యున్నారు. వారానికి ఒక ప్రకరణము చొప్పున ‘గణపతి’ని చదివి ముద్రించినచో, ఒక విద్యాసంవత్సరమున ఎంత పుస్తకమో పూర్తియగును. తన గ్రంథములన్నియు పరుల గొంతునుండి విన్న మహనీయుని పుస్తకము, అట్లే ఒకరి గొంతునుండి మరియొక చూపులేని బాలుని చెవికి చేరును. అది వారికి మనము చేయదగిన వర్ధంతి.