ఇండ్ల శాఖ మంత్రి, తల్లి మాత్రం మట్టింట్లో
పెద్దపాడు సంజీవయ్య జీవితం

నందికొట్కూరు: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మన నందికొట్కూరు నంద్యాల జిల్లాలో చేరింది. కొత్త జిల్లాల్లో కొన్నింటికి అన్నమయ్య, అల్లూరి సీతారామరాజు వంటి మహనీయుల పేర్లు పెట్టారు. కర్నూలు జిల్లాకు శ్రీ దామోదరం సంజీవయ్య పేరు పెట్టాలని పలువురు కోరారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన కర్నూలు పేరుకూ ఘనత ఉన్నది. చివరకు పాత పేరే నిలిచింది. అదే ఏడాది మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చే విషయమై అమలాపురంలో ఇళ్ళకు నిప్పు పెట్టేదాకా పోయింది. పేరు గొడవలో పడి మనిషిని మరువరాదు.

కర్నూలు పక్కనున్న పెద్దపాడులో 1921 ఫిబ్రవరి 14న నిరుపేద దళిత కుటుంబంలో సంజీవయ్య జన్మించారు. పసిబిడ్డగా ఉండగానే తండ్రి మునయ్య కన్నుమూశారు. తల్లి సుంకులమ్మ ఎన్నో కష్టాలకోర్చి పెంచారు. ఆయన కర్నూలు, అనంతపురాల్లో చదివి, 1948లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలో సహకార, గృహ నిర్మాణ శాఖలు చేపట్టారు.

1960 జనవరిలో 38 ఏళ్ళ వయసులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. ముసలివారికి పింఛను, లంచగొండుల పని పట్టే అవినీతి నిరోధక శాఖ ఆయన హయాంలోనే మొదలయ్యాయి. 1962 మార్చిలో పదవి దిగిన పిమ్మట అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేశారు. 1972 మే నెలలో ఢిల్లీలో మరణించారు.

కొడుకు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కూడా తల్లి పెద్దపాడు మట్టింట్లో కట్టెల పొయ్యి మీదనే వండుకునేవారని పెద్దలు చెప్పుకుంటారు. పేదల ఇండ్ల శాఖను చూసిన మనిషి తన వారికి మేడ కట్టలేదు. ఆ ఇంటిని స్మారకంగా నిలపడానికి 2021లో జనసేన పక్షాన కోటి రూపాయలు ప్రకటించారు.

హంద్రీ నదిపై గాజులదిన్నె జలాశయానికి, హైదరాబాదులో ఒక పార్కుకు, విశాఖలో న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరున్నది. జిల్లాకు పెట్టినా పెట్టకున్నా, నెల మొదట్లో పింఛను చేతబట్టుకునే అవ్వకు, దానికి తొలి బాట వేసినవాడు పెద్దపాడు బిడ్డ అని మనుమలైనా చెప్పాలి.